తుపాకి పవర్ తగ్గించొద్దు, తూటాలు లెక్కపెట్టు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. ఇంజినీరింగ్ రోజుల నుంచి మేం ఆరుగురం ఆదివారాలు మా మిద్దె మీద కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాం. నేనే డీఎం, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్‌ని. 2014 రూల్స్ వాడతాం. ఈసారి కథ కొత్తగా ఉండాలని, బెలుం గుహల్లో దారి తప్పిన ముగ్గురు జవాన్లు వేరే లోకంలో తేలినట్టు మొదలుపెట్టాను. ముగ్గురి చేతుల్లోనూ ఏకే-47లు. ఆ లోకం నుంచి ఒక మంత్రగాడు, విల్లు పట్టే ఒక రేంజర్ వాళ్లతో కలిశారు. అందరూ ఐదో లెవెల్.

ఇప్పుడు ఏ మాన్‌స్టర్ వచ్చినా రెండు రౌండ్లలో పడిపోతోంది. గాబ్లిన్ల గుంపు మొత్తం ఒక్క బర్స్ట్‌కే (వరసగా కాల్చే తూటాల జల్లుకే) పోయింది. రేంజర్ ఆడే చెల్లెలు "ఇంక నేనెందుకు రావాలన్నా?" అంటోంది. విసుగొచ్చి రైఫిల్ డ్యామేజ్ 1డీ6కి, అంటే ఆరు ముఖాల డైస్ ఒక్కదాని మీద పడినంతకి తగ్గించాను. జవాన్ ఆడే మా ఫ్రెండ్ ఒకడు, వాళ్ల నాన్న ఆర్మీలో చేసొచ్చారు, "రైఫిల్ గురించి తెలీకుంటే ఆటలో పెట్టొద్దు బ్బా" అని పెద్ద గొడవ చేశాడు. ఆర్నెల్లుగా దాచుకున్న అడల్ట్ రెడ్ డ్రాగన్ వచ్చే నెల రావాలి. దాన్ని కూడా కాల్చి పారేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. తుపాకులు తీసేయాలా? ఇంకో విషయం, ఒకడు గాబ్లిన్ల కోసం నాటుబాంబులు చుడతానంటున్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇంకొకడు ఫోన్ పట్టుకుని లేచి వెళ్లిపోతున్నాడు. చివరగా ఒక డౌట్, జాంబీకి తలలో కాలిస్తే చచ్చినట్టేనా?

జవాబు: తమ్ముడూ, తుపాకులు తీసేయొద్దు. 1డీ6 రూల్ మాత్రం ఈ ఆదివారమే వెనక్కి తీసుకో. ఆ విషయంలో నీ ఫ్రెండ్ కోపం న్యాయమైనదే. 1డీ6 అంటే పొట్టి విల్లు డ్యామేజ్. రైఫిల్ ఎలా ఉంటుందో ఇంట్లో విని పెరిగిన కుర్రాడి ముందు దాన్ని పొట్టి విల్లు చేసి పెడితే, రైఫిల్ ఒక్కటే కాదు, నువ్వు చెప్పే లోకమంతా వాడికి అబద్ధంలా కనిపిస్తుంది. డంజన్ మాస్టర్ పుస్తకంలోనే ఆధునిక తుపాకుల పట్టిక ఉంది. ఆటోమేటిక్ రైఫిల్‌కి 2డీ8, వేట రైఫిల్‌కి 2డీ10, రివాల్వర్‌కి 2డీ8. అవే వాడు.

నీ ఆటలో జరిగిందేమిటంటే, రైఫిల్ నుంచి దాని బలం ఒక్కటే లోపలికి వచ్చింది. దాని బరువు, చప్పుడు, ఖాళీ అయ్యే మ్యాగజైన్, తిరిగి దొరకని తూటా ఇవన్నీ గుహ బయటే ఉండిపోయాయి. వాటినీ లోపలికి రానివ్వు. తుపాకి పూర్తిగా తుపాకిలా ఉంటే, మాన్‌స్టర్ కూడా పూర్తిగా మాన్‌స్టర్‌లా ఉండగలుగుతుంది. నేను చెప్పాలనుకున్నది ఇదే. మిగతాదంతా దీన్ని ఎలా చేయాలన్న వివరం.

ముందు ఒక లెక్క చూడు. మీ మంత్రగాడు ఐదో లెవెల్ కదా, ఫైర్‌బాల్ వచ్చే ఉంటుంది. అది 8డీ6, సగటున 28 డ్యామేజ్. 150 అడుగుల దూరంలో, 20 అడుగుల రేడియస్‌లో ఉన్న అందరికీ తగులుతుంది. మీ జవాన్ బర్స్ట్ కొడితే 10 అడుగుల చదరంలో ఉన్నవాళ్లకి సగటున 9 డ్యామేజ్, అదీ వాళ్లు 15 మీద డెక్స్ సేవ్ తప్పితేనే (తప్పించుకోవడానికి వేసే 20 ముఖాల డైస్‌కి చురుకుదనం బోనస్ కలిపినా 15 రాకపోతేనే). అంటే బెలుం నుంచి వచ్చిన రైఫిల్ కంటే మూడు రెట్లు గట్టి ఆయుధం మొదటి నుంచీ నీ టేబుల్ మీదే ఉంది. దాన్ని చూసి నీకు ఏనాడూ భయం వేయలేదు. ఎందుకంటే ఐదో లెవెల్ మంత్రగాడు దాన్ని రోజుకి రెండు మూడు సార్ల కంటే వేయలేడు. వేసిన ప్రతిసారీ "ఇప్పుడే వాడాలా, దాచుకోవాలా" అని వాడు ఆలోచిస్తాడు. ఆ ఆలోచనలోనే ఆట మజా ఉంది. జవాన్లకి ఆ ఆలోచన లేకుండా చేసింది తూటాల లెక్క లేకపోవడమే. గట్టిగా అడుగుతున్నాను, ఇప్పటిదాకా ఎన్ని తూటాలు కాల్చారో మీలో ఎవరైనా రాసుకున్నారా?

కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టు. ఏకే-47 మ్యాగజైన్‌లో 30 తూటాలు. ఒక్కో జవాన్ ఎనిమిది మ్యాగజైన్లు మోసుకొచ్చాడనుకుందాం, 240 తూటాలు. తూటా ఒక్కటి సుమారు 16 గ్రాములు, మ్యాగజైన్ల ఇనుముతో కలిపి ఆరు కిలోల పైనే బరువు. ఆ రైఫిల్ నిమిషానికి 600 తూటాల వేగంతో కాలుస్తుంది. ట్రిగ్గర్ వదలకుండా పట్టుకుంటే మూడు సెకన్లలో మ్యాగజైన్ ఖాళీ. ఆటలో రౌండ్ అంటే ఆరు సెకన్లు. అంటే వాడు మోసుకొచ్చినదంతా, మ్యాగజైన్ మార్చే టైమ్ వదిలేసి లెక్కేస్తే, 24 సెకన్ల సరుకు. నాలుగు రౌండ్లు! ఈ మాట నీ ఫ్రెండ్‌తో అను, వాళ్ల నాన్నగారిని అడిగి కనుక్కోమను. ట్రైనింగ్ ఉన్న సైనికుడు ఒక్కొక్క తూటా ఎందుకు గురిచూసి కాలుస్తాడో ఆయన నీకంటే నాకంటే బాగా చెప్తారు.

పుస్తకం ప్రకారం ఒక్కో బర్స్ట్‌కి పది తూటాలు ఖర్చు. మ్యాగజైన్ ఖాళీ అయితే మార్చడానికి ఒక యాక్షన్ (టర్న్‌లో చేసే ముఖ్యమైన పని) గానీ బోనస్ యాక్షన్ (దాంతో పాటు చేసే చిన్న పని) గానీ పోతుంది. బాణాలైతే పోరాటం అయ్యాక ఒక నిమిషం వెతుక్కుంటే సగం దొరుకుతాయి. తూటా మాత్రం పేలితే పోయినట్టే. ముగ్గురికీ మూడు కార్డులు ఇవ్వు, పెన్సిల్‌తో గీతలు పెట్టుకోమను. ఇప్పటిదాకా ఆడిన సెషన్లకి కలిపి తలా 100 తూటాలు తీసేయమని అడుగు. బతిమాలుకుంటే 80కి ఒప్పుకో. ఆ బేరం జరుగుతుండగానే టేబుల్ మీద గాలి మారడం నీకే తెలుస్తుంది.

"అయిపోతే ఇక్కడే తయారు చేసుకుంటాం" అంటారు. తప్పకుండా అంటారు. కాదనొద్దు. ఆ లోకంలో కమ్మరి ఉన్నాడు, కత్తి కొడతాడు, సీసం పోసి గుండ్లు చేస్తాడు. కానీ ఏకే తూటాలో ఇత్తడో ఉక్కో తొడుగు, అడుగున దెబ్బ తగలగానే అంటుకునే ప్రైమర్, లోపల పొగ రాని మందు ఉంటాయి. మన లోకంలోనే దెబ్బకి అంటుకునే టోపీలు 19వ శతాబ్దం మొదట్లో వచ్చాయి. పొగలేని మందు ఫ్రాన్స్‌లో 1884లో కనిపెట్టారు. మామూలు నల్లమందు కూరితే బ్యారెల్ మసిపట్టి, ఆటోమేటిక్‌గా తిరగాల్సిన భాగాలు ఇరుక్కుపోతాయి. ఏడో లెవెల్‌కి మీ మంత్రగాడికి ఫాబ్రికేట్ (ముడి సరుకుని వస్తువుగా మార్చే మంత్రం) వస్తుంది, అప్పుడు తొడుగులు చేస్తానంటాడు. చేయనివ్వు. ఆ మంత్రానికి ముడి సరుకు కావాలి కదా. గంధకం ఏ కొండలో ఉంది, పాదరసం ఎవరి దగ్గర ఉంది, వాళ్లు దానికి బదులు ఏమడుగుతారు? రెండు నెలల కథ నీ చేతిలో పడింది.

మ్యాగజైన్ మార్చే ఆ ఒక్క క్షణం చిన్నదనుకోవద్దు. 1520లో రాయచూరు దగ్గర జరిగింది గుర్తు చేసుకో. బీజాపూర్ సుల్తాన్ ఆదిల్‌షా వైపు ఫిరంగులు చాలా ఉన్నాయి. అన్నీ ఒక్కసారిగా పేల్చారు. విజయనగరం ముందు వరుసలు చెదిరిపోయాయి. కానీ అలా అన్నీ ఒకేసారి పేల్చేస్తే, మళ్లీ మందు కూరేదాకా అవి ఉత్త ఇనుము. శ్రీకృష్ణదేవరాయలు వెనక వరుసలతో తిరిగి మీద పడి యుద్ధం గెలిచారు. ఆ కథ రాసిపెట్టింది నూనిజ్ అనే పోర్చుగీసువాడు. నీ గాబ్లిన్ నాయకుడికి రాయలవారంత తెలివి ఉండక్కర్లేదు. "టపటపలు ఆగినప్పుడు పరిగెత్తండి" అనే పాటి తెలివి చాలు. మొదటి గుంపు చచ్చింది, సరే. కొండ మీద నుంచి చూసినవాడు ఒకడైనా ఉంటాడుగా. రెండో గుంపు విడివిడిగా వస్తుంది, ఎవరూ పది అడుగుల చదరంలో కలిసి నిలబడరు, ముందు ఇద్దరిని కవ్వించడానికి పంపుతారు.

ఇక చప్పుడు. ఇది అందరూ మర్చిపోయేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నువ్వు కథ మొదలుపెట్టిన చోటే గుర్తు తెచ్చుకో. బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైనే పొడవు. కోటిలింగాలు దాటి పాతాళగంగ వైపు దిగుతుంటే గోడలు ఎలా దగ్గరికి వస్తాయో, మాట ఎలా తిరిగొస్తుందో చూసే ఉంటావు. అలాంటి చోట రైఫిల్ పేలిస్తే? ఆరుబయటే రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, చెవులు మూసుకోకపోతే వినికిడి దెబ్బతింటుంది. రాతి సందులో ఆ చప్పుడుకి పోయే దారి కూడా ఉండదు. నేనైతే ఇలా పెడతాను: గుహలోపల మొదటి బర్స్ట్ తర్వాత, చెవుల్లో ఏమీ పెట్టుకోని ప్రతి ఒక్కరూ 12 మీద కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ వేయాలి, తప్పితే ఒక నిమిషం చెవుడు. కాల్పులు జరిగిన ప్రతిసారీ నువ్వు ఒక డీ6 వేయి, ఒకటో రెండో పడితే లోపల నుంచి ఇంకేదో లేచి వస్తోంది. ఇది పుస్తకంలో లేదు, నా రూల్. నీకు నచ్చినట్టు మార్చుకో, కానీ డైస్ మాత్రం వాళ్ల కళ్ల ముందే వేయి.

దూరం గురించి వాదన వస్తుంది, క్లుప్తంగా చెప్తాను. పుస్తకంలో ఆటోమేటిక్ రైఫిల్‌కి 80 అడుగుల దాకా మామూలు గురి, 240 దాకా కష్టం మీద. పొడవు విల్లుకి 150, 600. నిజంలో ఏకే గురి మూడు నాలుగు వందల మీటర్ల దాకా పనిచేస్తుంది. కాబట్టి నీ ఫ్రెండ్ దీన్ని కూడా తప్పు పడతాడు. పుస్తకంలోని అంకె టేబుల్ మీద మ్యాపు సరిపోవడానికి పెట్టింది, అందరం దానికే కట్టుబడదాం అని ముందే ఒప్పుకోండి. డ్యామేజ్ వాడికి తిరిగి ఇచ్చావు కాబట్టి ఇక్కడ వాడు పట్టు విడుస్తాడు.

ఇప్పుడు నీ డ్రాగన్ దగ్గరికి వద్దాం. నీకు టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాలేదు తమ్ముడూ, టెన్షన్ పడాల్సింది వాళ్లు. అడల్ట్ రెడ్ డ్రాగన్‌కి ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్ మీద రావాల్సిన అంకె) 19, హిట్ పాయింట్స్ (ప్రాణం) 256. అది ఎంత గట్టి శత్రువో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ 17, ఐదో లెవెల్ వాళ్ల స్థాయికి చాలా పైన. ఒక్కో జవాన్‌కి గురి బోనస్ ప్లస్ 7 అనుకో, 12 ఆ పైన పడితేనే తగులుతుంది. అంటే వందకి 45 సార్లు. తగిలితే 2డీ8కి డెక్స్ బోనస్ 4 కలిపి సగటున 13. జవాన్ ఐదో లెవెల్ ఫైటర్ (పోరాట యోధుడు) కాబట్టి టర్న్‌కి రెండు దెబ్బలు. ముగ్గురూ నిలబడి ఆపకుండా కాల్చినా రౌండ్‌కి 35, 38 దాకా పోతుంది. డ్రాగన్ పడటానికి ఏడు రౌండ్లు. అదీ ముగ్గురూ నిలబడి ఉంటే!

డ్రాగన్ అంతసేపు ఊరుకోదు కదా. దాని ఊపిరి 60 అడుగుల దాకా వెళ్తుంది, 18డీ6, సగటున 63. నీ ఫైటర్‌కి 44 హిట్ పాయింట్స్ ఉంటాయేమో. 21 మీద డెక్స్ సేవ్, ప్లస్ 4 ఉన్నవాడు 17 వేయాలి. ఐదుసార్లలో నాలుగుసార్లు కిందపడతాడు. ఇంకా దగ్గరికి రాకముందే, 120 అడుగుల లోపల దాన్ని చూసినవాడు 19 మీద విజ్డమ్ సేవ్ తప్పితే భయంతో వణుకుతాడు. ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్ వేసుకోవచ్చు కానీ, అందాకా డ్రాగన్ కంటికి కనబడుతున్నంత సేపూ గురికి డిస్‌అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి). అప్పుడు ఆ 45 కాస్తా 20కి పడిపోతుంది. ఏడు రౌండ్లు అనుకున్నది పదహారు రౌండ్లు అవుతుంది. పదహారు రౌండ్లు డ్రాగన్ ముందు నిలబడే ఐదో లెవెల్ వాడిని చూపించు నాకు.

దాన్ని ఎలా ఆడించాలో కూడా చెప్తాను. అడల్ట్ రెడ్‌కి ఇంటెలిజెన్స్ 16, అది మీ టేబుల్ దగ్గర ఉన్న చాలామంది క్యారెక్టర్ల కంటే తెలివైనది. నేలకి దిగి కుక్కలా కరవడానికి రాదు. ఎగిరే వేగం 80 అడుగులు. 100 అడుగుల దూరంలో మొదలవుతుంది, 40 అడుగులు ముందుకు వస్తుంది, ఊపిరి వదులుతుంది, మిగిలిన 40తో మళ్లీ 100 అడుగులకి వెళ్లిపోతుంది. జవాన్ల టర్న్ వచ్చేసరికి అది 80 అడుగుల గురికి అవతల ఉంటుంది. "దగ్గరికి రాగానే కాలుస్తా" అని రెడీ యాక్షన్ పెట్టుకున్నవాడికి రెండో దెబ్బ ఉండదు, ఒక్కటే. రాత్రి వస్తే ఇంకా నయం దానికి. చీకట్లో 120 అడుగుల దాకా అది చూస్తుంది, మనిషికి ఏమీ కనబడదు. లైట్ వేసుకున్నవాడు తానెక్కడున్నాడో తానే చెప్పినట్టు.

ఇంకా ముందే, అది తన కోబాల్డ్ సేవకులని (బల్లిలాంటి చిన్న జీవులని) పంపాలి. రెండు మూడు రాత్రులు, కొద్దికొద్దిగా, శిబిరం చుట్టూ. డ్రాగన్‌కి ఈ ఇనుప గొట్టాలు కొత్త. ఎంత దూరం కొడతాయి, ఎంతసేపటికి ఆగుతాయి, ఎప్పుడు చప్పబడతాయి అని అది పైనుంచి చూస్తూ నేర్చుకుంటుంది. మీ వాళ్లు కోబాల్డ్‌ల మీద బర్స్ట్‌లు కొడితే డ్రాగన్ కోసం ఏమీ మిగలదు. కొట్టకపోతే నిద్ర ఉండదు. ఈ రెండు రాత్రులు సరిగ్గా నడిపితే డ్రాగన్ రెక్క చప్పుడు వినబడకముందే వాళ్లకి చెమటలు పడతాయి.

ఒకవేళ వాళ్లు నీకంటే తెలివిగా ఆలోచించి, పగటిపూట, అది తిని పడుకున్న వేళ, పైన బండల చాటున మాటువేసి, మంత్రగాడిని ఒక పక్క, రేంజర్‌ని ఇంకో పక్క పెట్టుకుని దాన్ని చంపేశారనుకో. చంపనివ్వు. హిట్ పాయింట్స్ చాటుగా పెంచొద్దు. కష్టపడి వేసిన ప్లాన్ ఫలించిన రోజుని ప్లేయర్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు, ఆ డ్రాగన్ ఆర్నెల్ల కష్టానికి అంతకంటే మంచి గతి లేదు.

మిగతా మాన్‌స్టర్లలో తూటాకి లొంగనివి పుస్తకంలోనే బోలెడు ఉన్నాయి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ట్రోల్‌కి 84 హిట్ పాయింట్స్, ప్రతి టర్న్ 10 తిరిగొస్తాయి, నిప్పో యాసిడో తగిలితేనే ఆగుతుంది. జల్లెడ చేసి వెళ్లిపోయినా వెనకాల లేచి నిలబడుతుంది. తోడేలు మనిషికి వెండి కాని, మంత్రం లేని ఆయుధం అసలు తగలదు. పది తూటాలకి వెండి పూయించాలంటే వంద బంగారు నాణేలు. అస్థిపంజరం మొద్దు దెబ్బకి రెండింతలు విరుగుతుంది, తూటాకి ఆ లాభం లేదు. రస్ట్ మాన్‌స్టర్ మీసం తగిలితే రైఫిల్ తుప్పు పడుతుంది, ఇక్కడ మార్చుకోవడానికి ఇంకో రైఫిల్ లేదు. శత్రువు వైపు డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) ఉంటే విండ్ వాల్ వేస్తాడు, మామూలు బాణాలూ గుండ్లూ ఆ గాలిగోడ దాటవు. వీటిని అన్ని పోరాటాల్లోనూ పెట్టొద్దు. మూడింట ఒకటి చాలు. మిగతా రెండు చోట్ల రైఫిల్ హాయిగా గెలవాలి. గాబ్లిన్లు పడిపోవడం తప్పేమీ కాదు, గాబ్లిన్‌కి ఉండేదే 7 హిట్ పాయింట్స్.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది డ్రాగన్ గురించి రాసింది కాదు, రేంజర్ ఆడే చెల్లెలు అన్న మాట. "నేనెందుకు రావాలి" అని ఒక ప్లేయర్ అడిగిందంటే ముందు చూసుకోవాల్సింది అదే. రాయచూరులో తర్వాత ఏం జరిగిందో చూడు. కోట పట్టుకునేటప్పుడు రాయలవారి వైపు కొద్దిమంది పోర్చుగీసు తుపాకివాళ్లు ఉన్నారు. వాళ్లు గోడ మీద తల ఎత్తినవాళ్లని కాలుస్తుంటే, మిగతా సైన్యం కింద చేరి గోడ రాళ్లు ఊడబెరికింది. తుపాకులు దారి చేశాయి, కోట పట్టుకున్నది మిగతావాళ్లు. ఆ పద్ధతిలో ఆమె పని నిలబెట్టు. చప్పుడు రూల్ వచ్చిన క్షణం నుంచి, చడీచప్పుడు లేకుండా కాపలావాడిని పడగొట్టగలిగేది ఆమె ఒక్కతే. 600 అడుగుల దూరం కొట్టగలిగేదీ ఆమే. బాణాలు ఆ లోకంలో ప్రతి ఊళ్లో దొరుకుతాయి, మంత్రం వేసిన బాణం దొరుకుతుంది, మంత్రం వేసిన ఏకే తూటా దొరకదు. ట్రోల్ మీదికి నిప్పు బాణం ఎవరేస్తారు? అడవిలో అడుగుల జాడ పట్టేది ఎవరు? జవాన్లకి ఆ లోకంలో తినే ఆకు ఏదో, విషం ఏదో కూడా తెలియదు. ఇదంతా ఆటలో పెట్టేముందు ఆమెకి ఫోన్ చేసి, "నీ క్యారెక్టర్‌ని పక్కన పడేశాను, ఇలా మార్చబోతున్నాను, నీకేం కావాలో చెప్పమ్మా" అని అడుగు. అందరి ముందూ వద్దు, విడిగా అడుగు.

తుపాకి కొత్త లోకానికి వస్తే దాన్ని కోరుకునేవాళ్లు పుట్టుకొస్తారన్నది కూడా కథలోకి రావాలి. మనకి దూరం వెళ్లక్కర్లేదు. మీ ఊరి నుంచి గంటన్నర ప్రయాణంలో గండికోట ఉంది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వెళ్లినప్పుడు, కోటని పట్టుకున్న మీర్ జుమ్లా యూరప్ పనివాడిని పెట్టి ఫిరంగులు పోత పోయించే ప్రయత్నంలో ఉన్నాడని రాశాడు. లోహం కోసం గుళ్లలోని రాగి విగ్రహాలు కూడా పోగుచేశారట. నీ లోకంలో ఒక రాజు ముగ్గురు జవాన్లలో ఒకడిని అలా పిలిపిస్తే? "ఇలాంటివి వంద చేసిపెట్టు, నా రాజ్యంలో సగం నీది" అంటే? ఇంకో వైపు నుంచీ చూడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో గుట్టుగా ఆయుధాలు పోగుచేశాడని 1839లో కంపెనీ సైన్యం వచ్చి, ఆయన్ని ఖైదు చేసి, రాజ్యాన్ని కలిపేసుకుంది. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో పొరుగువాళ్లకి తెలిస్తే ఏమవుతుందో మన జిల్లాల చరిత్రే చెప్తుంది. మీ జవాన్లు ప్రతి ఊరి బయటా టపటపలాడించుకుంటూ పోతున్నారు కదా, ఆ కబురు ఇప్పటికే ఎవరి చెవిన పడిందో ఆలోచించు. డ్రాగన్ కంటే వాళ్లే పెద్ద ప్రమాదం కావచ్చు.

నాటుబాంబుల సంగతి. ఇది రూల్స్ విషయం కాదు, కాబట్టి డైస్‌తో తేల్చొద్దు. మన దగ్గర ఆ మాట వినోదం కాని ఇళ్లు ఉన్నాయి. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో, ఏ రాత్రి ఏం చూశారో ఆటకి కూర్చున్నప్పుడు ఎవరూ చెప్పరు. ఫోన్ పట్టుకుని లేచి వెళ్లేవాడు చెప్పాల్సింది అలా చెప్తున్నాడు. కారణం అడగొద్దు. "ఆ బాంబుల సంగతి ఆటలోంచి తీసేస్తున్నాను రా" అని వాడితో ఒక్క మాట అను, చాలు. వాడు తర్వాత ఏమైనా చెప్పుకుంటే విను. బాంబు కావాలన్నవాడికి, పేరూ రూపమూ మార్చి, పుస్తకంలో ఉన్న గ్రెనేడ్ ఇవ్వు: 20 అడుగుల లోపల అందరికీ 5డీ6, 15 మీద డెక్స్ సేవ్. జవాన్ దగ్గర రెండు ఉన్నాయి, అయిపోతే లేవు. వాడు ఎందుకని అడిగితే, "టేబుల్ దగ్గర అందరూ కూర్చోగలగాలి కదా" అని చెప్పు. అర్థం చేసుకోకపోతే నేరుగా వద్దని చెప్పే హక్కు డీఎంగా నీకుంది, వాడుకో. ఫ్యాక్షన్, పగలు, ఊరి పార్టీలు కూడా ఆరుగురూ విడివిడిగా సరేనంటే తప్ప ఆ లోకంలోకి తేవొద్దు.

జాంబీ డౌట్‌కి జవాబు పుస్తకంలోనే ఉంది. జాంబీకి 22 హిట్ పాయింట్స్. సున్నాకి పడ్డాక కూడా అది కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తుంది, 5కి ఆ దెబ్బ డ్యామేజ్ కలిపినంత పడితే ఒక్క హిట్ పాయింట్‌తో మళ్లీ లేస్తుంది. రేడియంట్ (దైవకాంతి) డ్యామేజ్‌కీ క్రిటికల్ హిట్‌కీ (డైస్ మీద 20 పడిన దెబ్బకీ) మాత్రం ఆ సేవ్ లేదు. కాబట్టి "తలకి గురిపెడుతున్నా" అన్నంత మాత్రాన చచ్చినట్టు కాదు. 20 పడి, ఆ దెబ్బకి సున్నాకి వస్తే, అది తలలో దిగిన తూటా అని నువ్వే వర్ణించు. మిగతా అన్నిటికీ జాంబీ చేత సేవ్ వేయించు.